పెంకుల కంతలో సూర్యుడు

హైదరాబాద్,
డిసెంబరు, ఆదివారం.

బుజ్జీ,

నిన్న రాత్రి పిన్ని ఫోన్ చేసింది. ఫిబ్రవరి 28న మీ బడిలో సైన్స్ ఫెయిర్ ఉందట, నువ్వు ఫిజిక్స్‌కి పేరిచ్చావట, కోఠీలో రెడీమేడ్ వర్కింగ్ మోడల్ ఏదైనా కొని పంపమన్నావట. అవి దొరికే గుజరాతీ గల్లీ మా హాస్టల్‌కి దూరమేం కాదు. అయినా కొనను. కోపం తెచ్చుకోకుండా ఇది చివరిదాకా చదువు. ఫోన్‌లో చెబితే మధ్యలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ఎనిమిదో తరగతిలో నేనూ అలాంటిదే పెట్టానే. నాన్న కొనుక్కొచ్చిన గాలిమర. థర్మోకోల్ మీద పచ్చరంగు గడ్డి, తెల్లటి స్తంభం, మూడు రెక్కలు, పక్కన చిన్న ఇల్లు, ఇంట్లో బల్బు. గాలికి రెక్కలు తిరుగుతాయి, కరెంటు పుడుతుంది, బల్బు వెలుగుతుంది అని బట్టీ పట్టిన నాలుగు ముక్కలూ గడగడా అప్పజెప్పాను. చూడ్డానికి వచ్చిన మాస్టారొకరు వంగి, థర్మోకోల్ కింద చెయ్యి పెట్టి 9 వోల్టుల బ్యాటరీ ఒకటి బయటికి లాగారు. రెక్కలు తిప్పేదీ అదే, బల్బు వెలిగించేదీ అదే! "మరి గాలి ఏం చేస్తోందమ్మా?" అన్నారు. ఏం చెప్పను? పైగా కన్సొలేషన్ బహుమతి కూడా ఇచ్చారు. ఆ స్టీలు డబ్బాలో అమ్మ ఇప్పటికీ మెంతులు పోస్తోంది. అది కనిపించినప్పుడల్లా నా చెవులు వేడెక్కుతాయి.

మరుసటేడు పంతం పట్టి మోటారు చేశాను. మోటారు వైండింగ్ షాపులో అడిగితే కొంత రాగి తీగ ఊరికే ఇచ్చారు. పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం తీశాను. రెండు పిన్నీసులు, ఒక బ్యాటరీ, అంతే. తీగని పాత బ్యాటరీ చుట్టూ పది చుట్లు చుట్టి, కొసల మీద ఎనామిల్ పూత బ్లేడుతో గీకి పిన్నీసుల్లో దూర్చాను. చుట్ట ఒకసారి ఉలిక్కిపడేది, ఇటూ అటూ ఊగేది, ఆగేది. రెండు రోజులు అదే తంతు. బ్యాటరీ మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. అయస్కాంతంలో బలం లేదనుకుని పక్కింటివాళ్ళ స్పీకర్ మీద కూడా కన్నేశాను.

చివరికి ఆ వైండింగ్ షాపాయనే చూసి నవ్వాడు. "పూత మొత్తం గీకేశావా పాపా? ఒక కొసన సగమే గీకాలి" అన్నాడు. చుట్ట సగం తిరిగేసరికి, ముందుకు నెట్టిన అయస్కాంతమే వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. ఆ సగంలో కరెంటు అందకపోతే చుట్ట వచ్చిన ఊపుతో అవతలికి దాటేస్తుంది. పూత మిగిలిన సగం చేసే పని అదన్నమాట. మోటార్లలో ఇలాంటి పనే చేసే కమ్యుటేటర్ గురించి పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది, పరీక్షలో బొమ్మ కూడా గీశాను. అది ఎందుకుందో మాత్రం ఆ షాపు గుమ్మంలో తెలిసింది.

లోలకం సంగతి కూడా చెప్పాలి. ఇంటర్ ల్యాబ్‌లో లోలకంతో గురుత్వ త్వరణం g విలువ 980 (మీటర్లలో 9.8) రావాలని అందరికీ ముందే తెలుసు. అందుకే చాలామంది జవాబు పెట్టుకుని కింది నుంచి పైకి లెక్క రాసేస్తారు. నేనూ రాశాను, దాచడమెందుకు. ఆ సెలవుల్లో ఇంట్లో దారానికి తాళంకప్ప కట్టి ఊపి చూశాను. ముడిదాకా దారం 48 సెం.మీ. ఇరవై ఊపులకి 28.4 సెకన్లు. లెక్కకడితే 9.8 బదులు 9.4! వాచీని అనుమానించాను, మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ అంతే. అప్పుడు దారం పొడవు మార్చుకుంటూ అయిదు కొలతలు తీసి, ఒక్కో ఊపుకి పట్టిన కాలం వర్గాన్ని పొడవుతో గ్రాఫ్ కాగితం మీద పెట్టాను. గీత తిన్నగానే వచ్చింది, కానీ సున్నా గుండా పోలేదు. స్కేలు పెట్టి వెనక్కి పొడిగిస్తే సున్నాకి 2 సెం.మీ. ఎడమన అక్షాన్ని కోసింది. ఆ 2 సెం.మీ. ఏమిటా అని ఆ పూటంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. తాళంకప్ప బరువు ముడి దగ్గర లేదే! ముడికి 2 సెం.మీ. కింద, కప్ప కడుపులో ఉంది. నేను కొలవని పొడవుని గ్రాఫ్ కొలిచి పెట్టింది. ఆ రోజు అన్నం తింటూ కూడా నవ్వుకుంటుంటే అమ్మ అనుమానంగా చూసింది. జవాబు ముందే పెట్టుకుని రాసుంటే ఆ 2 సెం.మీ. నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

ఇక నీ ఫెయిర్. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం నీకు గుర్తుందో లేదో, చిన్నదానివి. అమ్మమ్మ తలుపులన్నీ వేయించింది. అయినా పెంకుల కంతల్లోంచి వెలుగు గోడ మీద పడింది, రోజూ పడే గుండ్రటి చుక్కలన్నీ ఆ పూట నెలవంకలయ్యాయి. మనం అరచేత్తో పట్టుకోబోయే ఆ చుక్కలు ఒక్కొక్కటీ సూర్యుడి బొమ్మేనే బుజ్జీ. కంత ఏ ఆకారంలో ఉన్నా, చిన్నదైతే చాలు, బొమ్మ గుండ్రంగానే వస్తుంది.

దాంతో సూర్యుణ్ణి కొలువు. తూర్పు కిటికీకి అట్ట కట్టి పెన్సిల్ మొనతో ఒక కంత చెయ్యి. పొద్దున్నే ఎదురుగా 2 మీటర్ల దూరంలో తెల్ల కాగితం పట్టుకుంటే దాదాపు 18, 19 మి.మీ. చుక్క పడాలి. చుక్క అడ్డుకొలతని కంతనుంచి కాగితానికున్న దూరంతో భాగించి, సూర్యుడికున్న 15 కోట్ల కి.మీ. దూరంతో గుణించు. సూర్యుడి అడ్డుకొలత 14 లక్షల కి.మీ. దగ్గరికి వస్తుంది. కాగితం వంకరగా పట్టుకుంటే చుక్క కోడిగుడ్డులా సాగుతుంది. నాకు మొదటిసారి 16 లక్షలు అలాగే వచ్చాయి. ఇంకో తప్పు కూడా ఉంది, చెప్పను; కంత సైజు మార్చి చూడు. కంతలోంచి సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా చూడకు. వీపు ఎండకి పెట్టి కాగితాన్నే చూడాలి.

ఇది చవక ప్రయోగమని చిన్నబుచ్చుకోకు. మీ ఫెయిర్ పెట్టే ఫిబ్రవరి 28, శాస్త్రవేత్త సి.వి. రామన్ 1928లో తన పేరుతో పిలిచే రామన్ ఫలితాన్ని పట్టుకున్న రోజు. ఆయన మొదట్లో వాడుకున్న వెలుగు కూడా ఎండే. చిన్నప్పుడు చదువుకున్నది విశాఖపట్నంలో, నువ్వు నిరుడు విహారయాత్రకి వెళ్ళిన ఊరే.

అందమైన చార్టు చివర్లో రాసుకోవచ్చు. ముందు ఒక నోటు పుస్తకం పెట్టు. తేదీ, టైము, దూరం, చుక్క సైజు. తప్పొచ్చిన పేజీ చింపకు, అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన కారణం రాయి. సంక్రాంతికి వస్తాను, నాకు ముందు ఆ గీతలు కొట్టిన పేజీలే చూపించాలి.

టేపు పిన్ని కుట్టుమిషన్ సొరుగులో ఉంటుంది. అడిగి తీసుకో.

మీ అక్క