ముందు అడుగు, ఆ తర్వాతే ఫోన్ పట్టుకో

అనంతపురం.



కల్యాణదుర్గంలో సెల్ షాపులో పనికి చేరినావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. డిస్‌ప్లే మార్చడం, చార్జింగ్ పిన్ వేయడం మీ ఓనరు నేర్పిస్తాడు. అయితే షాపుకొచ్చే వాళ్లలో చానామంది ఫోన్ పగిలి రారు. "వాట్సాప్ రావడం ల్యా, రవ్వంత చూడబ్బీ" అని వస్తారు. ఆ పనికి బిల్లు ఉండదు కాబట్టి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఎస్‌టీడీ బూత్ కాలం నుంచి కౌంటర్ వెనకే బతికినవాణ్ని గనక నాకు తెలిసింది రాస్తున్నా.

ఆ మాట వినగానే కుర్రోళ్లు చేసే పని ఒకటే. యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. నువ్వు ఆ పని చేయొద్దు. అట్లా వచ్చిన ముసలాయన ఫోన్‌లో పట్టాదారు పాసుపుస్తకం ఫోటో ఉంటుంది, పంట నమోదు చేసిన ఈ-క్రాప్ రసీదు ఉంటుంది, బెంగళూరులో గార్మెంట్స్ పనికి పోయిన కూతురి వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి, చనిపోయిన భార్య గొంతు కూడా ఉండొచ్చు. బ్యాకప్ ఉందో లేదో చూడకుండా యాప్ తీసేస్తే ఆ మాటలన్నీ పోయినట్టే. యాప్ తీసేయడం ఆఖరి మందు. మొదటి మందు అడగడం. "ఏం రావడం లేదు పెద్దాయనా? నువ్వు పంపింది పోవడం లేదా, వాళ్లు పంపింది రావడం లేదా, ఫోటో తెరుచుకోలేదా, మాట వినపడలేదా?" అని అడుగు. సగం జబ్బు అక్కడే తేలిపోతుంది.

పోవడం లేదంటే మెసేజ్ పక్కన ఏముందో చూడు. గడియారం గుర్తుంటే అది ఫోన్ దాటి బయటికి పోలేదు, తప్పు ఈ ఫోన్‌లోనే ఉంది. ఒక టిక్కు ఉంటే సర్వర్‌కు చేరింది, అవతలి ఫోన్‌కు చేరలేదు. వాళ్ల ఫోన్ ఆఫ్‌లో ఉండొచ్చు, నెట్ లేకపోవచ్చు, బ్లాక్ చేసి కూడా ఉండొచ్చు. ఆ మూడోది నువ్వు నోటితో చెప్పొద్దు, సంసారాల్లో గొడవలొస్తాయి. చేరని మెసేజ్‌ను సర్వర్ 30 రోజులు దాచి పెడుతుంది, ఆ తర్వాత తీసేస్తుంది. రెండు టిక్కులంటే చేరింది. నీలం రంగు చదివినట్టు గుర్తు, అది 2014 నవంబరులో వచ్చింది. "చదివి కూడా జవాబివ్వడు" అనే తగువు అప్పటి నుంచే మొదలైంది.

గడియారం గుర్తు ఉందనుకో. డేటా ఆన్‌లో ఉందా, రోజు ప్యాక్ అయిపోయిందా, ఎయిరోప్లేన్ మోడ్ పడిందా అనేవి ఎవరైనా చూస్తారు. మన పక్క ఇంకొకటి ఉంది, అది పుస్తకాల్లో దొరకదు. కుందుర్పి, బ్రహ్మసముద్రం, డి.హీరేహాళ్ మండలాలు కర్ణాటకను ఆనుకుని ఉన్నాయి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయిన మడకశిర, అమరాపురం, అగళి అయితే మూడు పక్కలా కర్ణాటకే. అక్కడ ఇంట్లో కూర్చున్నోని ఫోన్ కూడా ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, కాల్స్ పోతాయి, నెట్ మాత్రం రాదు. గీతల పక్కన ఆర్ అక్షరం కనిపిస్తే సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆన్ చెయ్యి. బెంగళూరులో సిమ్ తీసుకుని ఉగాదికి ఊరికొచ్చిన పిల్లలకూ ఇదే బాధ. కొన్ని ఫోన్లలో ఆ అక్షరం కనిపించకపోయినా రోమింగ్ ఆపి ఉంటే నెట్ రాదు, కాబట్టి సరిహద్దు ఊరి మనిషి వస్తే ఊరి పేరు ముందు అడుగు. "దేశంలో రోమింగ్‌కు డబ్బులు పడతాయేమో" అని చానామంది భయపడి ఆపేసుకుని ఉంటారు. పడవని చెప్పు.

తేదీ కూడా చూడు. చార్జింగ్ పూర్తిగా అయిపోయి చాన్నాళ్లు పక్కన పడేసిన ఫోన్ లేస్తే తేదీ ఏ పాత సంవత్సరమో చూపిస్తుంది. తేదీ తప్పుంటే వాట్సాప్ తెరుచుకోదు. ఆటోమేటిక్ టైమ్ పెడితే చాలు.

ఇంక "యాప్ తెరిస్తేనే మెసేజ్‌లు వస్తాయి, తెరవకపోతే రావు" అనే ఫిర్యాదు. చీనీ తోట ఉన్న రైతుకు ఇది చిన్న విషయం కాదు. మార్కెట్ యార్డులో రేటెంత పలికిందో గ్రూపులో పొద్దునే పడుతుంది, ఈయనకు సాయంత్రం కనిపిస్తుంది. తప్పు బ్యాటరీ సేవర్‌ది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే రకాల ఫోన్లు బ్యాటరీ మిగిల్చుకోవడానికి వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. వాట్సాప్‌కు ఆటో స్టార్ట్ ఇవ్వు, బ్యాటరీలో నో రిస్ట్రిక్షన్స్ పెట్టు, డేటా సేవర్ ఉంటే దాన్నుంచి తప్పించు.

ఫోటో తెరుచుకోకపోతే స్టోరేజ్ నిండిందేమో చూడు. పొద్దున లేస్తే దేవుడి బొమ్మలు, గుడ్ మార్నింగ్ పూలు, ఆ వీడియోలన్నీ ఫోన్‌లో పేరుకుంటాయి. వాట్సాప్‌లోనే మేనేజ్ స్టోరేజ్ ఉంది. చానాసార్లు ఫార్వర్డ్ అయినవాటిని వేరుగా చూపిస్తుంది, యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చేతనే తీయించు. ఇక్కడ ఒక ప్రమాదం. యాప్ ఇన్ఫోలో క్లియర్ క్యాష్ అని ఒకటి, క్లియర్ డేటా అని ఇంకొకటి పక్కపక్కనే ఉంటాయి. మొదటిది నొక్కితే ఏం కాదు. రెండోది నొక్కితే మాటలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కొన్ని ఫోన్లలో దాన్ని క్లియర్ స్టోరేజ్ అంటారు, జాగా ఖాళీ అవుతుందనుకుని నొక్కేస్తారు. నీ వేలు దాని దగ్గరికి పోకూడదు.

మాట సరిగా వినపడలేదంటే ఆ ఫోన్ నీ చేతికి తీసుకో. వాయిస్ మెసేజ్ మొదలవగానే స్క్రీన్ నల్లగా అయిపోయి, సౌండ్ చెవి దగ్గరి చిన్న స్పీకర్‌లోకి పోతుందా? అయితే పైన ఉండే సెన్సర్‌ను ఏదో కప్పేసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారనుకుని అది స్పీకర్ మారుస్తుంది. ఎక్కువగా అది వంకరగా అతికించిన టెంపర్డ్ గ్లాస్ పనే, లేకపోతే అంచున పట్టిన జిడ్డు. గ్లాస్ మారిస్తే సరి. ఈయన పంపిన మాటే అవతలికి గొణిగినట్టు పోతుంటే కింద చార్జింగ్ పిన్ పక్కన ఉండే సన్న బెజ్జం చూడు. అదే మైకు. చెనిక్కాయ నూర్పిళ్లప్పుడు వచ్చే ఫోన్లన్నిట్లో అక్కడ దుమ్ము బిగుసుకుని ఉంటుంది. గుండుసూది పెట్టి పొడవొద్దు, లోపలి మైకు చిరిగిపోతుంది. మెత్తని బ్రష్‌తో పక్కకు ఊడ్చు. ఆ తర్వాత ఫోన్‌లోని రికార్డర్‌లో రెండు మాటలు మాట్లాడించు. అందులో బాగా వినపడి వాట్సాప్‌లో వినపడకపోతే మైకు బాగున్నట్టే, పర్మిషన్ ఆపేసి ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష తెలియక బాగున్న మైకులు మార్చి డబ్బులు తీసుకునే వాళ్లను చూసినా. అది దొంగతనమే.

ధర్మవరం నుంచి నేతగాళ్లొస్తే వాళ్ల గోడు వేరే. చీర ఫోటో పంపితే జరీ మసకగా, అంచు డిజైన్ అలికినట్టు పోతుందంటారు. పంపే ముందు పైన హెచ్‌డీ గుర్తు నొక్కమను, 2023లో వచ్చిందది. ఇంకా స్పష్టంగా కావాలంటే డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో ఉన్నదున్నట్టు పోతుంది. ఆకు మీద మచ్చ ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపే రైతుకూ ఇదే చెప్పు.

ఒక్కోసారి తప్పు ఎవరి ఫోన్‌లోనూ ఉండదు. 2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్ నడిపే కంపెనీ తన రౌటర్లలో చేసుకున్న మార్పు వికటించి వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా ఆగిపోయాయి. 2022 అక్టోబరు 25 మధ్యాహ్నం దాదాపు రెండు గంటలు వాట్సాప్ మళ్లీ ఆగింది. ఆ సాయంత్రం సూర్యగ్రహణం ఉండడంతో మన జనం దానికి తోచిన కారణం చెప్పుకున్నారు. ఒకరి వెనక ఒకరు అదే ఫిర్యాదుతో వస్తే ముందు నీ ఫోన్ చూసుకో. అది కూడా ఆగి ఉంటే టీ తాగి రమ్మని పంపు.

ఇవన్నీ చూసినాక కూడా కుదరకపోతేనే యాప్ తీసెయ్యి. దానికి ముందు చాట్ బ్యాకప్‌లో చివరి తేదీ చదువు. 2024 నుంచి ఆ బ్యాకప్ గూగుల్ ఇచ్చే 15 జీబీలోనే లెక్కకొస్తుంది కాబట్టి జీమెయిల్ నిండిన ఫోన్లలో బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, ఎవరికీ తెలియదు. కొత్త నంబరు తీసుకున్నవాళ్లకు పాత సిమ్ పనిచేస్తుండగానే ఛేంజ్ నంబర్ చేసిపెట్టు. జీబీ వాట్సాప్ లాంటి నకిలీలు ఎక్కించమని అడిగితే కుదరదని చెప్పు, వాటివల్ల ఖాతా బ్యాన్ కావొచ్చు.

ఇంకో మాట. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో మన మిత్ర అనే సేవ మొదలుపెట్టింది. 161 సేవలతో మొదలైంది, దాని నంబరు 9552300009. సర్టిఫికెట్ల పని కూడా వాట్సాప్‌లోకి వచ్చింది గనక ఇది ఇప్పుడు కాలక్షేపం యాప్ కాదు. ఆ నంబరు నువ్వే సేవ్ చేసిపెట్టు, ఎవరో పంపిన లింకు నొక్కనివ్వద్దు. వాట్సాప్ ఎక్కించేటప్పుడు ఎస్‌ఎంఎస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ ఎవరు ఫోన్ చేసి అడిగినా, పెన్షన్ అన్నా, బ్యాంకు అన్నా చెప్పొద్దని ప్రతి ఒక్కరికీ చెప్పు. చెప్పేసి ఖాతా పోగొట్టుకున్నోళ్లు వస్తే వెంటనే అదే నంబరుతో ఈ ఫోన్‌లో మళ్లీ రిజిస్టర్ చెయ్యి, అవతలోడి ఫోన్‌లో లాగవుట్ అయిపోతుంది. లింక్డ్ డివైసెస్‌లో తెలియనివి ఉంటే లాగవుట్ చెయ్యి. డబ్బులు కూడా పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు.

షాపు దాటేలోపు టూ-స్టెప్ పిన్ పెట్టించి పంపు. ఆ అంకెలు వాళ్లే నొక్కాలి, నువ్వు అటు తిరుగు. దీనికి డబ్బులు అడగొద్దు. ఓనరు ఏమన్నా అంటే నాకు ఫోన్ చేయమను.

ఇట్లు
మీ మామ