పాత గోల్ఫ్ కోర్సుకు పాత రూపు: మట్టిని చదవగలిగినవాళ్లకు అందులో ఉన్న పని

మధురవాడ నుంచి హైవే మీద సిటీ వైపు వచ్చి, హనుమంతవాక దగ్గర కుడివైపు ఆరిలోవ రోడ్డు పట్టుకుంటే ముడసర్లోవ వస్తుంది. ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 18 హోల్స్ కోర్సు ఆ కొండల మధ్యే ఉంది. వైజాగ్ ఓపెన్ పేరుతో ప్రొఫెషనల్ టోర్నీ కూడా అక్కడ జరిగింది. ఇటు మధురవాడలో ఏసీఏ–వీడీసీఏ క్రికెట్ స్టేడియం ఉంది. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది అక్కడే. ఆటగాళ్ల పేర్లు ఊరంతా చెబుతుంది. ఆ గడ్డిని కాపాడేవాళ్లెవరో, దాని కింది పైపులు ఎటు పోతున్నాయో ఎవరూ అడగరు. ఈ వ్యాసం ఆ పనిలో ఉన్నవాళ్ల కోసం, అందులోకి రావాలనుకునే ఐటీఐ సర్వే, సివిల్ డిప్లొమా, వ్యవసాయ పాలిటెక్నిక్ పిల్లల కోసం.

గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆట అని మన దగ్గర కొట్టిపారేస్తాం. అమెరికాలో నగరపాలక సంస్థలే నడిపే కోర్సులు ఎన్నో ఉన్నాయి. టికెట్ కొనుక్కుని ఎవరైనా ఆడొచ్చు. ఢిల్లీలో డీడీఏ వాళ్ల కుతుబ్ గోల్ఫ్ కోర్సు కూడా ఆ కోవలోదే. వందేళ్ల కిందట మంచి డిజైనర్లు తీర్చిన ఆ అమెరికా నగర కోర్సులు కాలక్రమాన రూపు చెడ్డాయి. వాటిని మళ్లీ మొదటి ఆకారానికి తెచ్చే పని ఈ మధ్య అక్కడ బాగా ఊపందుకుంది.

ఫిలడెల్ఫియా నగరం సొంత కోర్సు కాబ్స్ క్రీక్ 1916లో మొదలైంది. గీసినవాడు హ్యూ విల్సన్, పేరుమోసిన మెరియన్ కోర్సు వెనక ఉన్న మనిషి. నల్లజాతివాళ్లను చాలా కోర్సులు గేటు దగ్గరే ఆపేసిన రోజుల్లో ఇక్కడ ఆడనిచ్చారు. 1961లో పీజీఏ టూర్ సభ్యత్వం పొందిన తొలి నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫర్డ్ ఇక్కడ ఆడినవాడే. 1950లలో విమాన విధ్వంసక దళం కోసం సైన్యం కొంత జాగా తీసుకోవడంతో కొన్ని హోల్స్ చెదిరిపోయాయి. కోర్సులోంచి పారే వాగు పొంగినప్పుడల్లా గట్లను కోసుకుపోయింది. 2020లో కోర్సు మూసేశారు. తరవాత చేపట్టిన మొదటి పెద్ద పని వాగుదే. నీరు ఎటు పోవాలో తేలకుండా పైన ఎంత గడ్డి పరిచినా దండగే. కొండవాలు నీళ్లు చూసినవాళ్లకు, ముఖ్యంగా మన విశాఖవాళ్లకు, ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పని ప్రతి ఏడూ పుట్టదు. దీన్ని నమ్ముకుని చేతిలో ఉన్న ఉద్యోగం మానుకోవద్దు. కానీ దీనికి కావలసిన చేతివాటం క్రికెట్ మైదానానికి, వీఎంఆర్‌డీఏ పార్కుకు, రుషికొండ రిసార్టు లాన్‌కు, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ తోటకు కూడా పనికొస్తుంది. అక్కడ నేర్చుకుని ఇక్కడికి రావచ్చు. జేసీబీలు ఎక్కడైనా అద్దెకు దొరుకుతాయి. పాత మైదానంలో ఆ జేసీబీ ఎక్కడ ఆగాలో చెప్పగలిగిన మనిషి దొరకడమే కష్టం. గిరాకీ ఉన్నది ఆ మనిషికి.

ఆ చెప్పడం ఎలాగో ఒక గ్రీన్ దగ్గర నిలబడి చూద్దాం. గ్రీన్ అంటే జెండా ఉండే నున్నటి జాగా. సగటున 5,000 నుంచి 6,000 చదరపు అడుగులు ఉంటుంది. గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కోస్తారు. మిషన్ అంచు దాటితే పక్కనున్న పొడుగు గడ్డి గుండు కొట్టినట్టవుతుంది. అందుకని కోసే మనిషి రోజూ కాస్త లోపలికే తిప్పుకుంటాడు. జాగ్రత్తగా పనిచేసే ఎవరైనా అదే చేస్తారు. ముప్పై ఏళ్లు గడిచేసరికి మూలలన్నీ అరిగి, గ్రీన్ గుండ్రంగా మారి, అడుగుల లెక్కన కుదించుకుపోతుంది. జెండా పెట్టడానికని డిజైనర్ ప్రత్యేకంగా తీర్చిన మూల పొడుగు గడ్డి కింద మరుగున పడుతుంది.

దాన్ని వెతకడానికి ముందు అక్కడ పాతికేళ్లుగా ఉన్న మాలీని ఒకరిని పట్టుకోండి. పాత గ్రీన్ ఎలా ఉండేదని అడిగితే ఎవరైనా బుర్ర గోక్కుంటారు. చేతిపని గురించి అడగాలి. ‘మిషన్ ఎక్కడ తిప్పీవోరు తాతా?’ అంటే, ‘ఆ తాడిచెట్టు మొదలు దాకా ఎల్లి తిప్పీవోళ్లం బాబూ, తరవాత సారొచ్చి ఇక్కడికే సాలన్నారు’ అంటాడు. ఆ తాడిచెట్టు వైపు నుంచి మొదలుపెట్టండి.

సాయిల్ ప్రోబ్ అని ముప్పావు అంగుళం గొట్టం ఉంటుంది. ఇప్పుడున్న అంచుకు ఒక అడుగు బయట దాన్ని పది అంగుళాలు దించి, తిప్పి, పైకి లాగండి. గ్రీన్ల మీద ఏటా ఇసుక చల్లుతారు కాబట్టి గొట్టంలో లేత రంగు ఇసుక పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఇంకో అడుగు జరిగి మళ్లీ దించండి. పొరలు మందంగా ఉన్నంత వరకు పాత గ్రీన్ ఉన్నట్టు. గడ్డి వేళ్ల కింద నేరుగా ఎర్రమట్టే వస్తే అంచు దాటేశారు. చల్లేటప్పుడు ఎగిరిపడ్డ ఇసుక పలచగా ఉంటుంది, దాన్ని పొర కింద లెక్కేసుకోకండి. అంచు తేలిన చోట చిన్న జెండా గుచ్చి, రోవర్‌తో (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే సర్వే పరికరం) పాయింటు తీసి, మట్టిని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, నోట్‌బుక్‌లో నంబరు వేయండి. చుట్టూ ఇలా చేసుకుంటూ వస్తే పాత ఆకారం కాగితం మీదికొస్తుంది. విసుగు పుట్టించే పనే. కానీ తరవాత కమిటీలో నలుగురూ నాలుగు మాటలంటే, మాట్లాడేది ఆ నోట్‌బుక్కే.

బంకర్ అంటే ఇసుక గుంత. దాని సంగతి వేరు. ఆటగాడు బంతిని బయటికి కొట్టిన ప్రతిసారీ ఇసుక ఎగిరి గట్టు మీద పడుతుంది. అలా ఏళ్ల తరబడి పడి గట్టు ఎత్తు పెరుగుతుంది. గుంత మధ్య నుంచి గట్టు దాకా అడుగు వెడల్పున చిన్న కందకం తవ్వితే, ఇసుక రంగు మారే చోట పాత అడుగు భాగం బయటపడుతుంది. దీనికి గునపం, పార చాలు. ఇక్కడ యంత్రం దించితే ఆధారం, చెత్త కలిసి ఒకే కుప్పలో పడతాయి.

ప్లంబింగ్ చేసేవాళ్లకు నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కథ పనికొస్తుంది. అది నగర కోర్సు కాదు, రిసార్టుది. తీర్చినవాడు డొనాల్డ్ రాస్. 2010–11లో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా దాన్ని పాత రూపుకు తెచ్చారు. ఒకప్పుడు ఫెయిర్‌వే (గ్రీన్ దాకా సాగే గడ్డి బాట) నడిమధ్యన ఒకే వరుసలో నీటి పైపు ఉండేది. ఆ పాత లైను ఆనవాలు పట్టుకుని, అటూ ఇటూ కొలిచి, ఫెయిర్‌వే అసలు ఎక్కడ నడిచేదో తేల్చుకున్నారు. 1943 నాటి విమాన చిత్రం దానికి తోడైంది. పని ముగిసేసరికి స్ప్రింక్లర్లు 1,150 నుంచి 450కి తగ్గాయి. కాబట్టి తవ్వకంలో తుప్పు పైపు దొరికితే పాత ఇనుం కొట్టుకు పంపేముందు అది ఎక్కడ, ఎంత లోతులో, ఏ దిక్కున పోతోందో పాయింట్లు తీసి ఉంచండి.

మన దగ్గర పాత విమాన చిత్రాలు చేతికి అందడం కష్టం. దానికి బదులు ఇంకో దారి ఉంది. 1960 నుంచి 1972 వరకు అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు తీసిన చిత్రాలను 1995లో బయటపెట్టారు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతికితే, అప్పటికే స్కాన్ అయినవి ఉచితంగా దిగుతాయి. చివరి రకం కెమెరాల చిత్రాల్లో రెండు మీటర్ల వస్తువు దాకా ఆనవాలు దొరుకుతుంది. దానికి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, గ్రామ ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) జతచేయండి. ఎఫ్‌ఎంబీలో గ్రీన్లు ఉండవు, హద్దులూ సర్వే రాళ్లూ ఉంటాయి. ఆ రాయి నేటికీ నేల మీద ఉంటే పాత చిత్రాన్ని దానికి కట్టొచ్చు. 2019 తరవాత గ్రామ సచివాలయాల్లో చేరి, భూముల రీసర్వేలో రోవర్ పట్టిన సర్వేయర్లకు ఇందులో సగం పని ఇప్పటికే వచ్చు. మిగతా సగం గడ్డి సంగతి. అది వారాంతాల్లో మాలీల వెంట తిరిగి నేర్చుకోవచ్చు.

కట్టుబడి గురించి నా అభిప్రాయం కొంచెం మొండిగా ఉంటుంది. అమెరికా గోల్ఫ్ సంఘం పద్ధతిలో గ్రీన్ అంటే అడుగున గొట్టాలు, వాటి మధ్య ఎడం 5 మీటర్లకు మించకుండా, పైన 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. మంచి పద్ధతే. కానీ అది 1960లో వచ్చింది. అంతకు ముందువి ఉన్న మట్టినే ఎత్తుగా నెట్టి తీర్చినవి. వాటిని పూర్తిగా పెళ్లగించి కొత్తవి కట్టి, పునరుద్ధరణ అని బోర్డు పెట్టుకోవచ్చు గానీ ఒంపులన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయినట్టే. పెళ్లగించక తప్పకపోతే ముందు గ్రీన్ మీద మీటరు మీటరుకూ లెవెల్స్ తీసి, మళ్లీ అదే ఒంపుకు తేవాలి.

ఇసుక ఎక్కడి నుంచి వస్తోందో అడగడం సూపర్‌వైజరు పని. సముద్రపు ఇసుక తేవడం నేరమే కాదు, ఉప్పు వల్ల గడ్డి కూడా మాడుతుంది. కడిగిన నది ఇసుకే కావాలి. ఎర్రమట్టికి భీమిలి వైపు వెళ్లే లారీ ఏ దిబ్బ దగ్గర ఆగుతోందో కనిపెట్టి ఉండండి. ఎర్రమట్టి దిబ్బలు భూవైజ్ఞానిక వారసత్వ స్థలం. అక్కడి తట్టెడు మట్టి దొరికినా కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

గడ్డికి బెంగ అక్కర్లేదు. ప్రపంచమంతా బెర్ముడా అని పిలిచేది మన గరికే. గ్రీన్లకు దాని సంకర రకాలు, టిఫ్‌డ్వార్ఫ్ లాంటివి వాడతారు. కడియం నర్సరీల్లో దొరికే లాన్ గడ్డి ఇంటి ముంగిలికి బాగుంటుంది. గ్రీన్‌కు మాత్రం రకం కల్తీ లేదని రాతపూర్వకంగా తీసుకున్న మొక్కే వాడాలి. ఒక చదరపు అడుగులో వేరే రకం కలిసినా రెండేళ్లలో మచ్చలు పడతాయి. మట్టిపని జనవరి నుంచి మే లోపు, నాట్లు తొలకరికి. అక్టోబరు వానలకు, తుపాన్లకు నేల బోసిగా ఉండకూడదు. ఉంటే ఏడాది కష్టం గెడ్డ పాలు. మందు కొట్టడం సముద్రపు గాలి లేవకముందే పూర్తిచేయండి. జీవీఎంసీ ముడసర్లోవ రిజర్వాయరు ఆ లోయలోనే ఉందని మరవకండి. కంబాలకొండ అడవి పక్కన పని కాబట్టి పొద్దున పూట గంబూట్లు లేకుండా పొడుగు గడ్డిలో దిగవద్దు.

చెట్ల దగ్గర ఇంకా జాగ్రత్త. పెన్సిల్వేనియాలోని ఓక్‌మాంట్ క్లబ్బులో పాత రూపు కోసం వేల చెట్లు తీసేశారు. మొదట్లో సభ్యుల కంటపడకుండా తెల్లవారకముందే నరికించేవారట! 2014లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊళ్లో ఆ ఆట సాగదు. వాల్టా చట్టం కింద అనుమతి కాగితం చేతికొచ్చాకే కొమ్మ ముట్టుకోండి.

హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లాలోని కోర్సు ఇంకో చిక్కు చూపిస్తుంది. అక్కడ గోల్ఫ్ కన్నా ముందు కుతుబ్‌షాహీల కోట ఉంది, తోట ఉంది, హాతియాన్ అనే మహావృక్షం ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కట్టుబడి నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణలో ఉంటుంది. ఏ కాలపు రూపాన్ని తిరిగి తేవాలో అక్కడ గోల్ఫ్ డిజైనర్ ఒక్కడూ తేల్చలేడు. తవ్వకంలో సున్నపు గచ్చు, మట్టి గొట్టం తగిలితే పని ఆపి, ఫొటో తీసి, పై అధికారికి రాతలో చెప్పండి. నోటిమాటగా చెబితే రేపు మీరే పగలగొట్టారంటారు.

ఇక డబ్బు. నగరపాలక సంస్థ పనైతే ఎం–బుక్‌లో (పని కొలతల పుస్తకం) రాసిందే బిల్లు. కందకాలు, ప్రోబ్ గుంతలు, రెండోసారి తీర్చడం అన్నీ ఎస్టిమేటులో విడి ఐటమ్‌లుగా ఉండేలా టెండరుకు ముందే అడగండి. లేకపోతే అవన్నీ మీ జేబులోంచే. కప్పిపెట్టే పని ఏదైనా ఇంజినీరు కొలిచి సంతకం పెట్టాకే పూడ్చండి. రోజుకూలీగా వెళ్లేవాళ్లు గంపగుత్తకు ఒప్పుకోవద్దు. ఈ పనిలో చేసిందే మళ్లీ చేయడం తప్పదు, గంట లెక్కే మేలు. ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు మొదటి నెలలోనే అడిగి, జమ పడుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకోండి.

గల్ఫ్ వైపు చూసేవాళ్లకూ ఇది దారే. దుబాయ్‌లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ 1988లో ఎడారిలో గడ్డి పరిచింది. అప్పటి నుంచి అక్కడ టర్ఫ్ పనివాళ్ల అవసరం పెరుగుతూనే ఉంది. ‘గార్డెనర్’ వీసా, ‘ఇరిగేషన్ టెక్నీషియన్’ వీసా జీతాలు ఒకటి కావు. కాగితంలో ఏముందో చదివి సంతకం చేయండి. ఏజెంటు పేరు ఈ–మైగ్రేట్ జాబితాలో ఉండాలి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి అడిగితే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను సంప్రదించండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు ఆ ప్రోబ్ ఫొటోలు, పాయింట్ల నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. అవతల కూర్చున్నది పని తెలిసిన సూపరింటెండెంటైతే ముందుగా తిరగేసేది దాన్నే.