పరదేశములో కష్టార్జితము

పాఠభాగము: యిర్మీయా 32:6–15

ప్రియులారా, యెరూషలేము ముట్టడిలో నున్నప్పుడు యిర్మీయా అనాతోతులోని పొలమును పదియేడు తులముల వెండికి కొనెను. సాక్షులను పిలిపించి, క్రయపత్రములను మట్టికుండలో దాచించెను. దేవుని వాగ్దానమును నమ్మినవాడే కాగితమును కూడ భద్రపరచెను. విశ్వాసమునకును జాగ్రత్తకును విరోధము లేదు.

మన పాలమూరు పల్లెలనుండి కూలికై బొంబాయి పోవుట పాత మాట. దుబాయి, సౌదీ పోవువారును కలరు. మేమెరిగిన యొక తల్లి కుమారుడు రెండేండ్ల సంపాదనను, తెలిసినవాడని నమ్మి ఒకనిచేత పంపెను. రసీదు లేదు. సొమ్ము ఇల్లు చేరలేదు. అప్పు మాత్రము వడ్డీతో పెరిగెను. ఆమెయొద్ద కూర్చుండి ప్రార్థించిన దినమున మా తప్పు మాకు తెలిసెను. అతని పయనమునాడు దీవించి పంపితిమి గాని బ్యాంకు సంగతి ఒక్కటియు చెప్పలేదు. గనుక ఇప్పుడు వ్రాయుచున్నాము.

1. పోవుటకు ముందు: పాస్‌పోర్టులోను బ్యాంకు పుస్తకములోను పేరు ఒక్కటిగా నుండవలెను. 1999 నాటి ఫెమా చట్టము క్రింద, పరదేశమునకు ఉద్యోగమునకై పోయినవాని పొదుపు ఖాతా ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మారవలెను. అక్కడి సంపాదన దాచుకొనుటకు ఎన్.ఆర్.ఇ. ఖాతా కలదు, దాని వడ్డీకి మన దేశములో ఆదాయపు పన్ను లేదు. పోస్టాఫీసు పొదుపు పథకములలో ప్రవాసి క్రొత్తగా చేరరాదు. ఇంటి ఖర్చునకు తల్లి పేరనో భార్య పేరనో బ్యాంకు ఖాతా తెరచి యుంచుడి.

2. చేరిన పిమ్మట: కంపెనీ కూలీలకు జీతము బ్యాంకుల వంటి సంస్థలద్వారానే చెల్లింపవలెనను ఏర్పాటు ఎమిరేట్సులో 2009లోను, సౌదీలో 2013లోను మొదలాయెను. కార్డు మీ చేతిలోనే యుండనీయుడి. పిన్ నంబరు మేస్త్రీకైనను చెప్పకుడి. పరుల సొమ్మును మీ ఖాతాలో వేయనీయకుడి. నేరము మీ మీదికి వచ్చును. అక్కడ ఉత్తరములు ఇంటి గుమ్మమునకు గాక పోస్టు బాక్సునకు పోవుట వాడుక. కంపెనీ బాక్సు నంబరు అడిగి ఇంటివారికి తెలుపుడి.

3. పంపునప్పుడు: హుండీ త్వరగా చేరునని చెప్పుదురు. అది చట్టవిరుద్ధము, సొమ్ము పోయిన అడుగుటకు ఆధారముండదు. బ్యాంకు ఐ.ఎఫ్.ఎస్.సి. గుర్తులో పదునొకండు అక్షరములుండును. అయిదవది ఎప్పుడును సున్న, ఇంగ్లీషు ‘ఓ’ కాదు. మారకపు రేటు మాత్రమే గాక, రుసుము పోగా ఇంటికెన్ని రూపాయలు చేరునో అడుగుడి. రసీదు ఫోటో తీసి ఇంటికి పంపుడి.

యిర్మీయాకు మట్టికుండ ఎట్టిదో, మన ఇండ్లలో ట్రంకుపెట్టె అట్టిది. చదువు వచ్చిన యౌవనులారా, పయనమగువాని కాగితములను ఆరాధన పిమ్మట వానికి చదివి వినిపించుడి. మేము చేయక మానిన పని అదియే.