కార్డు మీద ఏ జెండర్ రాయించుకోవాలి?
బందరు, గుడివాడ, దివిసీమ వాళ్ల సందేహాలకు జవాబులు

ప్ర: మా అబ్బాయి ఫోన్ గేమ్‌లో ఎప్పుడూ ఆడపిల్ల పాత్రనే తీసుకుంటున్నాడు. కంగారు పడాలా?

జ: అక్కర్లేదు. ఆటలో పాత్రకు చట్టంలో విలువేమీ లేదు. మన మొవ్వ మండలం కూచిపూడిలో మగవాళ్లు ఆడవేషం కట్టడం తరాల సంప్రదాయం. జడ వేసుకుని సత్యభామగా మెప్పించిన వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. వేషం వేరు, ‘నేను ఫలానా’ అని మనిషి చెప్పుకోవడం వేరు. పిల్లవాడు ఆ రెండో మాట ఎప్పుడైనా అంటే మాత్రం కసురుకోకుండా వినండి.

ప్ర: నా జెండర్ ఏదో చెప్పుకునే హక్కు నాకుందా?

జ: పురుషుడా, స్త్రీయా, మూడో జెండరా అన్నది ఎవరికి వారే చెప్పుకోవచ్చని జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ (నల్సా) కేసులో 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆపరేషన్ చేయించుకుంటేనే ఒప్పుకుంటామనడం చట్టవిరుద్ధమనీ చెప్పింది.

ప్ర: ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఎవరిస్తారు?

జ: ట్రాన్స్‌జెండర్ల హక్కుల పరిరక్షణకు తెచ్చిన 2019 చట్టం ఆ అధికారం కలెక్టరుకు ఇచ్చింది. గుడివాడైనా అవనిగడ్డైనా కృష్ణా జిల్లాయే కాబట్టి కలెక్టరేట్ బందరులోనే. అయితే ట్రాన్స్‌జెండర్ల జాతీయ పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. ఆ చట్టం కింద 2020లో నిబంధనలు వచ్చినప్పుడు అడిగింది అఫిడవిట్టే, వైద్య పరీక్ష కాదు. కార్డు ఇవ్వడానికి అప్పుడు పెట్టిన గడువు 30 రోజులు. తిరస్కరిస్తే 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత స్త్రీ లేదా పురుషుడని మార్పించుకోవడానికి మాత్రం ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి.

ప్ర: కార్డుతో లాభమేమిటి?

జ: మిగతా కాగితాల్లో పేరు, జెండర్ మార్పించుకోవడానికి అదే ఆధారం. అర్హులైన ట్రాన్స్‌జెండర్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ. 4,000 పింఛను ఉంది.

ప్ర: కార్డు చూపిస్తే మహిళల క్రీడల్లో ఆడనిస్తారా?

జ: ఆ ఒక్క కార్డు చాలదు. ఏ ఆట సమాఖ్య నిబంధన దానిదే. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2025 సెప్టెంబరు నుంచి తన మహిళల పోటీలకు జన్యు పరీక్ష పెట్టింది.

ప్ర: ఇంట్లోంచి గెంటేస్తే? భర్త వేధిస్తే?

జ: ఇల్లు, ఊరు విడిచిపెట్టి పోయేలా చేసినా, కొట్టినా, మాటలతో హింసించినా 2019 చట్టంలో 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, జరిమానా ఉన్నాయి. భర్త వేధింపులపై పాత ఐపీసీ 498ఎ కింద ఫిర్యాదు చేసే హక్కు ట్రాన్స్ మహిళకూ ఉందని మన హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది.

చివరగా ఒక మాట: నిబంధనలకు సవరణలు వస్తుంటాయి. పోర్టల్‌లో తాజా ఫారం చూసుకున్నాకే అఫిడవిట్ రాయించండి. అందులో పేరు ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందో లేదో సంతకానికి ముందే చూసుకోండి.