తాతను పని నేర్పమని అడగండి

మనిషి గురించి అతని ఉద్యోగం కొంతే చెబుతుంది. జీతం రాని పనుల్లో ఎంత ప్రాణం పెట్టాడో చూస్తే మిగతాది తెలుస్తుంది. మా తాతయ్య జంషెడ్‌పూర్ సాక్చిలో ఉన్నన్నాళ్లూ ఉక్కు కార్ఖానాలో షిఫ్టులు చేశాడు. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే మా ఇంట్లో ఎవరికీ కార్ఖానా గుర్తు రాదు. ఎడ్లు గుర్తొస్తాయి, నులక మంచాలు గుర్తొస్తాయి, ఆయన చుట్టూ చేరిన మనవలు గుర్తొస్తారు.

శ్రీకాకుళం పల్లెల నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. ఊళ్లో కనుమ నాడు ఎద్దుల కొమ్ములకు రంగులు వేసిన మనిషికి పశువుల్లేని కంపెనీ క్వార్టరు వెలితిగా ఉండేది. అందుకని ఏటా దీపావళి రోజుల్లో, తనతో పనిచేసే సంతాల్ ఆదివాసీ స్నేహితుడి పల్లెకు సోహ్రాయ్ పండగకి వెళ్లేవాడు. వెంట మమ్మల్నీ తీసుకెళ్లేవాడు.

సోహ్రాయ్ పశువుల పండగ. సంతాల్ పరగణాల్లో జనవరిలో చేస్తారు, జంషెడ్‌పూర్ ఉన్న మా సింగ్‌భూమ్ వైపు కార్తీక అమావాస్య రోజుల్లో చేస్తారు. ఆడవాళ్లు మట్టిగోడలు అలికి బొమ్మలు వేస్తారు. ఎద్దుల కొమ్ములకు నూనె రాసి, సిందూరం పెట్టి, వరికంకులతో అల్లిన దండ కడతారు. తర్వాత ఒకరోజు పొగరున్న ఎద్దుని వీధిలో పాతిన గుంజకు కట్టేస్తారు. తమక్, తుమ్దాక్ అనే డోళ్లు మోగుతుంటే ఒకతను ఎండిన తోలు పట్టుకుని ఎదురెళ్తాడు. ఎద్దు బుసకొట్టి తోలు మీదికి దూకుతుంది, మనిషి పక్కకి తప్పుకుంటాడు. ఎద్దుని చంపే ఆట కాదిది. ఏడాదంతా పొలంలో తమ కోసం పనిచేసిన జంతువు బలాన్ని ఊరంతా కళ్లారా చూసుకునే రోజు.

జనంలో నన్ను ముందు నిలబెట్టి తాతయ్య చెవిలో చెప్పేవాడు: "కొమ్ములకేసి చూడకు నాన్నా, ముంగాళ్లకేసి చూడు. ముందు కదిలేవి అవే." నిజంగానే ఎద్దు కుమ్మబోయే ముందు గిట్టతో మట్టి తవ్వేది, బరువంతా ముందుకి వాల్చేది. తోలు పట్టినవాడు దాన్ని కనిపెట్టి, తొందరపడకుండా జరిగేవాడు. ఆ చూపు నాకు చదువులోకంటే ఉద్యోగంలో ఎక్కువ పనికొచ్చింది. అవతలివాళ్లు కోపంగా మాట్లాడుతున్నప్పుడు మాటని పట్టుకుని కొట్లాడకుండా, ఆ కోపం ఎక్కడ మొదలైందో చూడటం అక్కడే అలవాటైంది. భయం లేకపోవడాన్ని ధైర్యం అంటారని పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. ఆ వీధిలో నేను చూసిన ధైర్యం మాత్రం జాగ్రత్తగా గమనించడం.

ఇక మంచాలు. మా వాళ్లలో ఎవరికి బిడ్డ పుట్టినా తాతయ్య ఒక చిన్న నులక మంచం అల్లి ఇచ్చేవాడు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, కాస్త కునుకు తీసి, మధ్యాహ్నం వరండాలో కూర్చునేవాడు. తాడు మీద నీళ్లు చిలకరించి, ఒక కొస నా చేతికిచ్చి లాగి పట్టుకోమనేవాడు. ఒక వరస పైనుంచి, ఒక వరస కిందనుంచి. నేను పట్టు సడలిస్తే తిట్టేవాడు కాదు. వదులుగా ఉన్న చోట బొటనవేలితో నొక్కి చూపించి, అక్కడిదాకా విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. విప్పడంలో ఆయనకి విసుగు ఉండేది కాదు, నాకు చిన్నతనం అనిపించేది కాదు. దిద్దుబాటుని అవమానంగా తీసుకోకపోవడం ఎంత పెద్ద గుణమో, పెద్దయ్యాక మనుషుల మధ్య పనిచేస్తేగానీ తెలియదు.

ఇలా పెద్దల చేతి నుంచి పిల్లల చేతికి అందేది తెగిపోతే ఏమవుతుందో దూరదేశపు కథ ఒకటి చెబుతుంది. సాక్చి కార్ఖానాలో తొలి ఉక్కు తయారైంది 1912 ఫిబ్రవరిలో. అదే ఏడాది సెప్టెంబరులో కెనడాలోని కాల్గరీలో జరిగిన తొలి స్టాంపీడ్ రోడియోలో, బ్లాక్‌ఫుట్ అనే ఆదివాసీ జాతిలోని కైనాయ్ తెగకు చెందిన టామ్ త్రీ పర్సన్స్ ఎవరికీ లొంగని సైక్లోన్ అనే గుర్రాన్ని నిలువరించి ప్రపంచ విజేత అయ్యాడు. అడవిదున్నల మందలు అంతరించి, సొంత నేల రిజర్వుల్లోకి కుదించుకుపోయిన జనం వాళ్లు. పిల్లల్ని ఇంటి నుంచి వేరుచేసి వసతి బడుల్లో పెట్టారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. తాతకీ మనవడికీ మధ్య తాడు అలా తెగింది. అయినా గుర్రపు స్వారీ, పూసల పని, తోలు పని నేటికీ అక్కడ నిలిచాయంటే, ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టి పిల్లల చేతుల్లో పెట్టడమే అందుకు కారణం. మన పిల్లల్ని మన దగ్గరనుంచి ఎవరూ లాక్కుపోలేదు. అయినా తాతకి తెలిసింది మనవడికి అందకుండా పోతోందంటే నాకు బాధగా ఉంటుంది.

పెద్దవాళ్లని కథలు చెప్పమంటాం, ఫోన్లో రికార్డు చేస్తాం. మంచిదే. కానీ వాళ్లకి తెలిసినదంతా మాటల్లోకి రాదు. మనిషి తనకు తెలిసిన చాలా సంగతుల్ని నోటితో వివరించలేడని మైకేల్ పొలానీ అనే తత్వవేత్త 1966లో ఒక పుస్తకమే రాశాడు. మా తాతయ్యని ఓర్పు గురించి మాట్లాడమంటే రెండు ముక్కలు కూడా చెప్పేవాడు కాదు. పక్కన కూర్చుని తాడు లాగినవాళ్లకే అది అందింది. మా పిన్ని కొడుకు ఇప్పుడు బెంగళూరులో కంప్యూటర్ల మీద పనిచేస్తాడు. కొత్తగా చేరిన కుర్రాళ్లు తప్పు చేస్తే, అరవకుండా పక్కన కూర్చుని అక్కడిదాకా వెనక్కి తీసుకెళ్లి చూపిస్తాడు. అది ఎవరి పద్ధతో నాకు తెలుసు.

వ్యక్తిత్వ వికాసం కోసం తరగతులకు వెళ్లేవాళ్లని నేను తప్పుపట్టను. అయితే దానికి ముందు ఒక పని చేయండి. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తాతనో, అమ్మమ్మనో, పక్కింటి పెద్దాయన్నో ఒక్క పని నేర్పమని అడగండి. విస్తరి కుట్టడమో, పాలు పితకడమో, వల అల్లడమో, ఏదైనా సరే. వాళ్లు చేస్తుంటే చూసి వచ్చేయకండి, మీ చేత్తో చేసి వాళ్లకి చూపించండి. మీ పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.