60 అనే గీత: ఉద్దానం లెక్క

ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. కవిటి, సోంపేట, కంచిలి వైపు వెళ్తే పచ్చదనానికి లోటుండదు. ఆ తోటల మధ్యే ఊరూరా కిడ్నీ జబ్బు. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి జబ్బు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి ఫలానా కారణం అని చెప్పడానికి ఏమీ దొరకలేదు.

దీని గురించి చదివేకొద్దీ నాకు ఇది డాక్టర్ల సబ్జెక్టు మాత్రమే అనిపించలేదు. బయాలజీ, కంప్యూటర్లు, పర్యావరణ చట్టం, మూడూ ఇక్కడ కలుస్తాయి. చిక్కేంటంటే, "రుజువు" అన్న మాటకి మూడింటిలోనూ మూడు అర్థాలు.

ముందు కణం సంగతి. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోస్తాయి. అందులో మూడింట రెండు వంతుల నీటినీ ఉప్పునీ మళ్లీ వెనక్కి లాగేవి చిన్న గొట్టాల గోడల్లోని కణాలు. పని ఎక్కువ కాబట్టి వాటి నిండా మైటోకాండ్రియాలే. ఈ రకం జబ్బులో ముందు దెబ్బతినేది ఆ గొట్టాల వైపే. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, నొప్పీ ఉండదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. భూగర్భ జలాలా, పురుగుమందులా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పనా? అనుమానాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ తేలలేదు.

ఇక మన సంగతి. రక్తంలో క్రియాటినిన్, వయసు, ఆడా మగా, ఈ మూడూ ఇస్తే కిడ్నీ పనితనాన్ని అంచనా వేసే సీకేడీ-ఈపీఐ ఫార్ములా ఉంది. 2021 నాటి ఫార్ములాని పైథాన్‌లో వేసి చూడండి. 45 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.4 అయితే 63 వస్తుంది. 1.5 అయితే 58. మూడు నెలలకి పైగా 60 కంటే తక్కువుంటే జబ్బున్నట్టే లెక్క. అంటే 0.1 తేడాతో మనిషి గీతకి అటో ఇటో పడిపోతాడు. పైగా క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చేది. కండ తక్కువున్న కూలీకి అది సహజంగానే తక్కువ, కాబట్టి కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు చూపించొచ్చు. కోడ్‌లో బగ్ ఏమీ లేదు. ఫార్ములా కట్టిన డేటాయే వేరే జనానిది.

చట్టం మాత్రం పూర్తి రుజువు కోసం ఆగదు. హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర నూనె ఫ్యాక్టరీ విషయంలో, ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసులో, సుప్రీంకోర్టు 1999లో ఈ మాటే చెప్పింది: సైన్స్ తేల్చలేకపోయినా ముందుజాగ్రత్త తీసుకోవాలి, హాని లేదని చూపించాల్సిన భారం ఫ్యాక్టరీదే. బావుంది. కానీ ఉద్దానంలో వేలెత్తి చూపించడానికి ఫ్యాక్టరీ ఏది? ఆ భారం ఎవరి మీద వెయ్యాలి?

అందుకే హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చిన పథకం నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. నీళ్లే కారణమని తేలకముందే నీళ్లు మార్చారు. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి కూడా 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఇక కావాల్సింది ఒక టేబుల్: ఏ ఊరికి ఏ తేదీన కుళాయి నీళ్లు వచ్చాయి, ఆ ఊరివాళ్ల క్రియాటినిన్ ఏడాదికేడాది ఎంత. ఆ టేబుల్‌లో ఏ ల్యాబు, ఏ పద్ధతి అన్న కాలమ్ కూడా తప్పకుండా ఉండాలి. క్రియాటినిన్ కొలిచే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువున్నాయి, వాటి మధ్య తేడాయే 0.1 దాటొచ్చు.