ఇల్లు ఆఫీసు పక్కన వద్దు, రైలు దారిలో చూసుకో

సాహితీ,

జర్మనీలో వాల్‌డార్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైందనీ, ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు వెతుకుతున్నాననీ రాశావు. ఉద్యోగం సంగతి విని సంతోషించాను. ఇంటి విషయంలో మాత్రం కాస్త ఆగమంటాను. ఆఫీసు పక్కనే ఇల్లు అన్న లెక్క హైదరాబాదులో పనికొస్తుంది. మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఉన్న ఆ ఒక్క పట్టీలోనే ఐటీ కంపెనీలు చాలామటుకు ఉన్నాయి. కొండాపూర్‌లో అద్దెకు దిగినవాడు తన కంపెనీకి దగ్గరగా ఉన్నాననుకుంటాడు గానీ, నిజానికి వాడు పరిశ్రమ మొత్తానికీ దగ్గరగా ఉన్నాడు. ఉద్యోగం మారినా ఇల్లు మారనక్కర్లేదు. జర్మనీ పద్ధతి వేరు. అక్కడ పనులన్నీ ఒకే నగరంలో పోగుపడలేదు. కార్ల కంపెనీ ఒకటి మ్యూనిక్‌లో, మరొకటి వోల్ఫ్స్‌బుర్గ్‌లో, బ్యాంకులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, రసాయనాల పరిశ్రమ లూడ్విగ్స్‌హాఫెన్‌లో. ప్రపంచమంతా సాఫ్ట్‌వేర్ అమ్మే ఎస్‌ఏపీ ముఖ్య కార్యాలయం ఉన్న మీ వాల్‌డార్ఫ్ జనాభా పదిహేను వేలు, మన దగ్గర ఒక పెద్ద గ్రామమంత. అక్కడ ఆఫీసు పక్కన ఇల్లంటే ఆ ఒక్క ఆఫీసు పక్కన ఇల్లే.

అయితే ఏం, ఉద్యోగం ఉంది కదా అంటావు. ఉంది. కానీ నువ్వు వెళ్లేది బ్లూ కార్డు అనే నివాస అనుమతి మీద, ఆ కార్డుకు ఆధారం ఉద్యోగమే. మొదటి 12 నెలల్లో ఉద్యోగం మారితే విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. ఉన్నది పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి దొరికేది కొన్ని నెలల గడువే. శాశ్వత నివాసానికి, జర్మన్ బి1 స్థాయి దాకా నేర్చుకున్నవాళ్లకు 21 నెలలు, ప్రారంభ స్థాయి ఎ1తో సరిపెట్టుకున్నవాళ్లకు 27 నెలలు పడుతుంది. ఈ రెండేళ్లలో నీ మీద ఆధారపడని కారణాలు ఎన్నైనా రావచ్చు: కంపెనీ మనుషుల్ని తగ్గించవచ్చు, నీ టీమ్‌నే ఎత్తేయవచ్చు. అప్పుడు కొత్త ఉద్యోగంతో పాటు కొత్త ఊరూ, కొత్త ఇల్లూ వెతకాల్సి రావడం వేరు. ఉన్న ఇంట్లోంచే వేరే రైలెక్కడం వేరు. అద్దె ఇల్లు ఖాళీ చేయాలంటే మామూలుగా మూడు నెలల ముందు చెప్పాలి. కొన్ని అగ్రిమెంట్లలో ఇంతకాలం ఖాళీ చేయకూడదన్న షరతు కూడా ఉంటుంది, అది నాలుగేళ్ల దాకా చెల్లుతుంది. విదేశీయుల కార్యాలయం కూడా నువ్వుండే ఊరినిబట్టే నిర్ణయమవుతుంది. ఊరు మారితే నీ ఫైలూ మారుతుంది. అందుకే ఇల్లు చూసేటప్పుడు మొదటి ఉద్యోగాన్ని కాదు, రాబోయే రెండో ఉద్యోగాన్ని మనసులో పెట్టుకోమంటున్నాను.

ఇప్పుడు మ్యాప్ తెరువు. వీస్‌లోఖ్, వాల్‌డార్ఫ్ అనే రెండు ఊళ్లకూ కలిపి ఒక స్టేషన్ ఉంది. దాని మీదుగా వెళ్లే ఎస్3 లోకల్ రైలు దారిని వేలితో గీసి చూడు. ఒకవైపు హైడెల్‌బర్గ్, ఆ తర్వాత మన్‌హైమ్, రైన్ నది దాటితే లూడ్విగ్స్‌హాఫెన్. రెండోవైపు బ్రుఖ్‌జాల్, కార్ల్స్‌రూహె. హైడెల్‌బర్గ్ నుంచి నీ స్టేషన్‌కు సుమారు పావుగంట, మన్‌హైమ్ నుంచి అరగంట పైచిలుకు. ఈ ఒక్క దారి మీదే విశ్వవిద్యాలయాలు, క్యాన్సర్ పరిశోధన కేంద్రం, రసాయనాల కంపెనీ బీఏఎస్‌ఎఫ్, మందుల కంపెనీలు, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే చిన్నాపెద్దా సంస్థలు ఉన్నాయి. మన్‌హైమ్ పెద్ద జంక్షన్. అక్కడినుంచి వేగపు రైలులో ఫ్రాంక్‌ఫర్ట్‌కూ స్టుట్‌గార్ట్‌కూ ముప్పావుగంటలోపే. అంటే మన్‌హైమ్ స్టేషన్‌కు ట్రామ్ దూరంలో ఉన్న ఇల్లు మూడు పెద్ద ఉద్యోగ కేంద్రాలకు అందుబాటులో ఉన్నట్టు. హైడెల్‌బర్గ్ ఎంత అందమైన ఊరైనా, విద్యార్థులూ పర్యాటకులూ పోటీపడటంతో అక్కడ అద్దెలు ఎక్కువ. నా ఓటు మన్‌హైమ్‌కే. (పాతపట్నం నడిబొడ్డున చాలా వీధులకు పేర్లుండవు, ప్రతి చదరానికీ ఒక అక్షరం, ఒక అంకె. మొదటి వారం తికమకపడతావు.)

రోజూ రానూపోనూ గంటకు పైగా రైల్లో పోతుంది కదా అంటావు. పోతుంది. నేనిచ్చే జవాబల్లా ఒకటే: అది నిలకడగా పోయే గంట. జర్మన్ రైళ్లు ఆలస్యమన్న మాటా అబద్ధం కాదు: 2024లో దూరప్రయాణపు రైళ్లలో మూడో వంతుకు పైగా సమయానికి రాలేదు. అయితే నువ్వు రోజూ ఎక్కేది లోకల్, వాటి లెక్క దానికంటే చాలా మెరుగు. ఖర్చు చూస్తే, 2023 మేలో 49 యూరోలతో మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలైంది. దానితో లోకల్ రైళ్లు, ట్రామ్‌లు, బస్సులు దేశమంతా ఎక్కొచ్చు. వేగపు రైళ్లకు మాత్రం అది చెల్లదు. కారు కొనుక్కుంటానంటే, నువ్వు అక్కడ స్థిరపడ్డాక మన లైసెన్సు ఆరు నెలలే పనికొస్తుంది, తర్వాత రాతపరీక్షా, నడిపే పరీక్షా రెండూ పాసవ్వాలి. మొదటి ఏడాది లెక్కను కారు మీద వేయకు.

తెలుగువాళ్లు ఎక్కువ ఉన్నచోటే ఉండమని అమ్మ చెప్పిందన్నావు. ఆ మాటను కొట్టిపారేయను. మొదటి నెలల్లో మన భాష వినిపించే ఇళ్లు నాలుగుంటే ఒంట్లో బాగాలేని రోజు అన్నం వండి పెట్టేవాళ్లుంటారు. కానీ రైలు దారిలో ఉన్న ఊళ్లో ఉంటే వాళ్లను కలవడమూ తేలికే. తెలుగువాళ్లెక్కడున్నారన్న దానికంటే ముందు చూడాల్సింది, ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్నది. మన్‌హైమ్ బాడెన్ వుర్టెంబర్గ్‌లో ఉంది. నది అవతలి లూడ్విగ్స్‌హాఫెన్ రైన్‌లాండ్ ఫాల్ట్స్‌లో. అక్కడ రెండేళ్లు నిండిన పిల్లలకు కిండర్‌గార్టెన్ ఫీజు లేదు, ఇటువైపు ఊరినిబట్టి కట్టాలి. బడి పద్ధతులు కూడా రాష్ట్రానివే. నీకు ఇప్పుడే పట్టని విషయం, తర్వాత పడుతుంది.

ఇక్కడినుంచే అగ్రిమెంట్ మీద సంతకం చేయకు. ఇల్లు చూడకముందే డబ్బు పంపమనేవాడు మోసగాడే. ముందు సామాను ఉన్న ఇల్లు రెండు మూడు నెలలకు తీసుకో, అయితే చిరునామా నమోదుకు ఇంటివాళ్లు కాగితం ఇస్తారో లేదో అడిగి తీసుకో. ఇంట్లో దిగిన రెండు వారాల్లో నమోదు జరగాలి; పన్ను నంబరు ఆ చిరునామాకే పోస్టులో వస్తుంది, తపాలా పెట్టె మీద నీ పేరు లేకపోతే ఆ ఉత్తరం తిరిగిపోతుంది. తర్వాత అసలు ఇల్లు చూసేటప్పుడు వంటింట్లో సింకూ పొయ్యీ ఉన్నాయా అని అడుగు, చాలా ఇళ్లలో ఉండవు. అడ్వాన్సు, నిర్వహణ ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు నీకుంది. ఇంటివాళ్లు పెట్టుకున్న బ్రోకర్‌కు 2015 నుంచి నువ్వు ఫీజు ఇవ్వనక్కర్లేదు. మన్‌హైమ్, హైడెల్‌బర్గ్, వాల్‌డార్ఫ్, మూడింటికీ పనిరోజు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూశాకే నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న